ముందు సీసీ రోడ్డా, మురుగు కాలువా? ఏది మేలు?

"వార్డుకు కాస్త డబ్బు వచ్చిందట. రోడ్డు అడగమంటారా, డ్రైను అడగమంటారా?" వేసవి వస్తే చాలు, ఈ ప్రశ్న నలుగురైదుగురి నోట వింటాను. పోయిన నెల మా వీధి అర్జీ రాసింది నేనే కాబట్టి, ఈసారి జవాబు కూడా రాసిపెడుతున్నాను.

రోడ్డు అడిగేవారి వైపు న్యాయం లేకపోలేదు. బురదలో జారిపడిన పెద్దవాళ్లను, లోపలికి రాలేక మలుపులోనే ఆగిపోయిన ఆటోను చూసినవారెవరూ రోడ్డు వద్దనరు. పని త్వరగా అవుతుంది, కంటికి కనబడుతుంది. శిలాఫలకం పెట్టుకోవడానికీ రోడ్డే బాగుంటుంది. మురుగు పక్కన నిలబడి రిబ్బను కత్తిరించాలని ఎవరికి ఉంటుంది?

అయితే మాలాంటి చదునైన గోదావరి డెల్టాలో అన్నిటికంటే ముందు తేలవలసింది నేల మట్టం. మా వీధిలో ఇప్పటికి మూడుసార్లు సీసీ రోడ్డు వేశారు, ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే. ఇల్లు కట్టిన కొత్తలో మూడు మెట్లెక్కి అరుగు మీదికి వచ్చేవాళ్లం. ఇప్పుడు ఒకటే మిగిలింది. ఎదురింటివారైతే రోడ్డు మీది నుంచి ఇంట్లోకి దిగుతారు. వాన నీరు రాకుండా గడప ముందు జానెడు ఎత్తున ఇటుక కట్ట పెట్టుకున్నారు. పండగ ముగ్గు కూడా ఇప్పుడు దాని మీదే.

కాలువ లేదా అంటే ఉంది. నీరే కదలదు. చెత్త అడ్డుపడిందనుకుని రెండుసార్లు పూడిక తీయించాం. తీసిన మట్టిని గట్టునే పోసి వెళ్లారు, మొదటి వానకే అది మళ్లీ కాలువలో పడింది. చివరికి ఒక మేస్త్రిని పిలిచి లెవెల్ పట్టించాను. నీళ్లు నింపిన సన్నని గొట్టం ఒక కొన నేను పట్టుకున్నాను, రెండో కొన ఆయన. ముప్పై అడుగుల చొప్పున జరుపుకుంటూ, సుద్దతో గీతలు పెట్టుకుంటూ వీధి చివరి దాకా వెళ్లాం. అక్కడ ఆయన నాలుగు వేళ్లు చూపించి, "కాలువ అడుగు ఈ చివర ఇంత ఎత్తుగా ఉంది బాబుగారూ. నీళ్లు మీ ఇంటి వైపుకే వస్తాయి" అన్నారు. కట్టినవారు ఇళ్ల దగ్గర మొదలుపెట్టి, డబ్బు అయిపోయిన చోట ఆపేశారు.

సాగునీటి కాలువను తల నుంచి తవ్వుకొస్తారు, మురుగు కాలువను తోక నుంచి, అంటే నీరు బయటికి పోయే చివర నుంచి కట్టుకురావాలి. ఈ సంగతి మన రైతులకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి పొలాలకు నీరొచ్చింది. ఆ నీరు పోయే దారి మాత్రం చాలాకాలం వెనకబడే ఉంది. డెల్టా మురుగు పనుల కోసం 1968లో ప్రత్యేకంగా డ్రైనేజీ సెస్సు చట్టమే తేవలసి వచ్చింది. పట్టణాలదీ అదే కథ. భీమవరానికి యనమదుర్రు డ్రెయిను ఉన్నట్టు, ప్రతి ఊరికీ నీరు చేరే ఒక చోటు ఉంటుంది. ఆ చోటు మట్టం తెలియకుండా వీధిలో కాలువ కట్టడం గుడ్డిపని. పెద్ద డ్రెయినే నిండి, సముద్రపు పోటుకు ఎగదన్నే రోజున మాత్రం మన వీధి కాలువ ఎంత బాగా కట్టినా చేసేదేమీ లేదు, అది ఒప్పుకోవాలి.

భూగర్భ డ్రైనేజీ కావాలనేవారు ఒక చిన్న లెక్క చూడండి. అయిదు వందల మీటర్లకు ఒక మీటరు వాలు అనుకుంటే, రెండు కిలోమీటర్ల గొట్టం చివరికి వచ్చేసరికి నాలుగు మీటర్లు దిగాలి. సాగునీటి కాలువల్లో నీరున్న రోజుల్లో మన దగ్గర కొద్ది అడుగులకే ఊట తగులుతుంది. అంత లోతు నుంచి పైకి తోడే పంపులు, వాటి కరెంటు బిల్లు, మనుషులు ఏటేటా ఉండాలి. ఊరంతటికీ ఒకే పథకంగా వస్తే మంచిదే, ఒక వీధి అడిగి తెచ్చుకునేది కాదు. నా ఓటు రోడ్డు పక్క కాలువకే, పైన ఎత్తితే వచ్చే పలకలతో. పోతపోసి మూసేస్తే పూడిక తీయడం ఎవరి తరమూ కాదు. ఇక రోడ్డంటారా, చిన్న సందులకు సిమెంటు టైల్స్ చాలు.

ఇక డబ్బు. ఎంపీ నిధి ఏడాదికి అయిదు కోట్లు, ఒక ఎంపీ పరిధిలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. సమానంగా పంచినా ఒక్కోదానికి డెబ్బై లక్షల పైచిలుకు. అందులో ఒక వీధి రోడ్డు వస్తుందేమో కానీ, నాలుగు వీధులు దాటి వెళ్లే కాలువ రావడం కష్టం. కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో వచ్చే నిధులకు షరతులుంటాయి: 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చినదానిలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం వంటి పనులకే కేటాయించారు. మిగతా 40 శాతానికి పోటీ ఎక్కువ. పన్నుల రాబడి నుంచి వచ్చే మున్సిపల్ సాధారణ నిధే మనకు తగినదని నా అభిప్రాయం. మన ఇంటి పన్ను అందులో ఉంది కాబట్టి ఈ ఏడాది కాలువ చివరి భాగం, వచ్చే ఏడాది దాని పై భాగం అని వరుస పెట్టి అడగవచ్చు. ఒకేసారి అంతా రాకపోయినా, తోక నుంచి కట్టినంత మేరా పని చేస్తుంది.

అర్జీలో మేం అడిగినవి ఇవి: ముందు మట్టాల కొలత కాగితం, తర్వాత కాలువ, ఆ తర్వాతే రోడ్డు, అదీ పాతదాన్ని తవ్వి తీసి. సాగునీటి కాలువలకు నీరు ఆపేసిన ఈ వేసవి నెలల్లోనే తవ్వకం మొదలుపెట్టాలని కూడా రాశాం. ముప్పై ఒక్క ఇళ్లవారు సంతకం చేశారు. వీధి చివరి మేడవారు ఇంకా చేయలేదు. నీరు బయటికి పోవలసిన సరిగ్గా ఆ చోటనే వారి కారు ర్యాంపు ఉంది. ఆదివారం మళ్లీ వెళ్లి అడుగుతాం. గొట్టం, సుద్దముక్క తీసుకుని మేస్త్రి కూడా వస్తానన్నారు.