రివాల్వరా, 1ఏ పిస్టలా, గ్లాకా: నడుముకు ఏది మేలు?

ట్రైనింగ్ ముగించుకొని వచ్చే కొత్త ఎస్సైలు, గన్‌మెన్ డ్యూటీ పడ్డ ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుళ్లు తరచూ ఇదే అడుగుతారు: "సార్, ఏది తీసుకుంటే మంచిది?" నిజానికి ఎంచుకునే అవకాశం తక్కువే. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, ఏముంటే దానికే రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. అయినా ఎప్పుడో ఒకసారి "ఏది కావాలి?" అని అడిగే రోజు వస్తుంది కాబట్టి చెబుతున్నా.

అందరూ ముందు రౌండ్లు లెక్కపెడతారు. .38 రివాల్వర్‌లో 6, ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎం.ఎం. పిస్టల్ 1ఏలో 13, గ్లాక్ 17లో 17. మన హన్మకొండలోనో జనగామలోనో చేసే ఎస్సైకి ఈ లెక్కతో పెద్దగా పని లేదు. ఫైరింగ్ రేంజ్‌లో తప్ప సర్వీసంతా ఒక్క రౌండ్ కూడా కాల్చకుండా రిటైర్ అయినవాళ్లే ఎక్కువ. కానీ వెపన్ తీయడం, అన్‌లోడ్ చేయడం, అప్పగించడం నిత్యం ఉండే పని. వెపన్ పొరపాటున పేలేది ఎక్కువగా అక్కడే. అందుకే నేను చూసేది ఒక్కటి: లోపల తూటా ఉందో లేదో ఎంత తేలిగ్గా తెలుస్తుంది?

ఇందులో రివాల్వర్‌ని కొట్టేది లేదు. సిలిండర్ పక్కకు తీసినా, పాత వెబ్లీ రకమైతే మధ్యకు మడిచినా ఆరు గదులూ కంటి ముందుంటాయి. దాక్కోవడానికి తూటాకు చోటే లేదు. హ్యామర్ (వెనకుండే సుత్తి లాంటి భాగం) వెనక్కి లాగకుండా నొక్కితే ట్రిగ్గర్ చాలా బరువు, సుమారు 5 కిలోల బలం కావాలి. పొరపాటున వేలు తగిలితే పేలదు. ఆ బరువు వల్లే గురి కూడా చెదురుతుంది, అది ఒప్పుకోవాలి. మళ్లీ లోడ్ చేయడమూ ఆలస్యమే.

1ఏ అంటే నాకు ఇష్టమే, చేతిలో బాగా కుదురుతుంది. తిరకాసు అన్‌లోడింగ్‌లో ఉంది. మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసినా చాంబర్‌లో, అంటే పేలడానికి తూటా కూర్చునే గదిలో, ఒకటి మిగిలి ఉండొచ్చు. వరుస తప్పి, ముందు స్లైడ్ (వెనక్కి జరిగే పైభాగం) లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, ఒకటి బయటపడి ఇంకోటి లోపలికొస్తుంది. పైగా ఇది బ్రౌనింగ్ హై పవర్ అనే పాత పిస్టల్ వంశం. మ్యాగజైన్ లేకుంటే ట్రిగ్గర్ పనిచేయదు. సేఫ్టీ కోసమే అలా పెట్టారు గానీ, అన్‌లోడ్ చేశాక ట్రిగ్గర్ నొక్కి హ్యామర్ దించాలంటే ఖాళీ మ్యాగజైన్ మళ్లీ పెట్టాలి. నైట్ డ్యూటీ దిగిన నిద్రమత్తులో, స్లైడ్ వెనక్కి ఆగి ఉండగా ఖాళీదనుకొని నిండుది పెట్టి వదిలితే రౌండ్ చాంబర్‌లోకి వెళ్తుంది. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కినవాణ్ణి కాపాడేది ఎదురుగా ఉన్న ఇసుక బస్తానే. ఆ బస్తా ఎన్ని స్టేషన్లలో ఉంటుందో మీకే తెలుసు.

గ్లాక్ తేలిక, ఖాళీ మ్యాగజైన్‌తో 700 గ్రాములే. బయట సేఫ్టీ లివర్ లేదు. ట్రిగ్గర్ మీద చిన్న మీట, లోపల ఇంకో రెండు సేఫ్టీలు ఉంటాయి. కింద పడితే పేలదు, వేలు పడితే పేలుతుంది. ట్రిగ్గర్‌కు రివాల్వర్‌లో సగం బలం చాలు. విప్పి తుడవాలన్నా ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిందే, కాబట్టి చాంబర్ చూసే అలవాటు లేనివాడికి ఇది ప్రమాదం. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ లేకుండా దీన్ని పెట్టుకోవద్దు. బజార్లో దొరికే మెత్తటి గుడ్డ సంచి సరిపోదు. మేడారం జాతర బందోబస్తులో జనం తోపులాటను తలచుకుంటే ఈ మాట ఎందుకో అర్థమవుతుంది. అక్కడ ఏ వెపన్ అయినా లాన్‌యార్డ్ (వెపన్‌ను ఒంటికి కట్టి ఉంచే తాడు) తప్పనిసరి. ఊడి పోతే సస్పెన్షనూ ఎంక్వైరీ వెంటే వస్తాయి.

గ్రేహౌండ్స్ లాగా ఎప్పుడూ ప్రాక్టీసులో ఉండేవాళ్లకు గ్లాకే సరైనది, అందులో వాదన లేదు. ఏడాదికోసారి రేంజ్‌కి వెళ్లి, రౌండ్లు కాల్చి, ఖాళీ కేసులు లెక్క అప్పగించి వచ్చే మనలాంటివాళ్లకు మాత్రం నా ఓటు రివాల్వర్‌కే. పాతదని కొత్త కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనీయండి. గన్‌మెన్‌గా వెపన్ ఇంటికి తీసుకెళ్లే పరిస్థితి ఉండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకో ఆలోచనే వద్దు. అప్పుడు కూడా తూటాలు తీసేసి, వెపన్ ఒక చోట, అవి ఇంకో చోట తాళం వేసి పెట్టాలి.

ఆర్మీ నుంచి వచ్చి లైసెన్స్ తీసుకుందామనుకునే అన్నలు కూడా అడుగుతున్నారు. 9 ఎం.ఎం. మామూలు లైసెన్స్ మీద రాదు. .32లో పిస్టల్, రివాల్వర్ రెండూ దొరుకుతాయి, పైన చెప్పిందే వాటికీ వర్తిస్తుంది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే.