గోడ మీద పులి, చిరుత, మంచు చిరుత: కొన్నేళ్లు చూశాక

మూడు వన్యప్రాణి ఛాయాచిత్రాలను కొన్నేళ్లుగా మా ఇంటి గోడల మీద రోజూ చూస్తున్నాను. మూడూ వేర్వేరు మాధ్యమాల మీద ముద్రించినవి కాబట్టి, వాటిలో ఏది నిలిచిందో, ఏది మొహం మొత్తించిందో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

హాలులో ఉన్నది పులి ముఖం. 24×36 అంగుళాల ఆ చిత్రాన్ని యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ పలక వెనుక అతికించారు. మీసాల మొదళ్లలోని నల్లచుక్కలు, గుండ్రని కంటిపాప అంత స్పష్టంగా మరెక్కడా చూడలేదు. అయితే పగలు కిటికీ, రాత్రి దీపాలు అందులో ప్రతిఫలిస్తాయి. నల్లచారలు దట్టంగా ఉన్నచోట పులికి బదులు సోఫాలో కూర్చున్నవారే కనిపిస్తారు. పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే గీతలు పడతాయి. అంతకు మించి, ఎప్పుడు చూసినా మన వైపే గుడ్లురిమి చూసే ముఖం మొదట్లో ఎంత ఆకట్టుకుంటుందో, తర్వాత అంతగా విసిగిస్తుంది.

నడవలో కాన్వాస్ మీద ఉన్న చిరుత గురించి చెప్పవలసింది తక్కువ. నేత గరుకుదనం వల్ల సన్నని వెంట్రుకల వివరం పోయింది, సాయంత్రపు ఎండ తగిలే అంచున పసుపు వన్నె వెలిసింది. వానాకాలంలో గుడ్డ వదులైతే వెనుక చట్రం మూలల్లోని చిన్న చెక్కముక్కలను తట్టి బిగించుకోవచ్చు.

చదువుకునే గదిలోని మంచు చిరుత మాత్రం నేటికీ కొత్తగానే ఉంది. మెరుపు లేని నూలు కాగితం మీద, సన్నని రంగు రేణువులుండే పిగ్మెంట్ సిరాలతో ముద్రించి, కాగితం అద్దానికి అంటుకోకుండా చుట్టూ ఆమ్లరహిత మౌంట్ బోర్డు (దళసరి అట్ట) పెట్టి, ఫ్రేము కట్టించాను. అందులో జంతువు చాలా చిన్నది. బూడిదరంగు రాళ్లవాలులో ఎక్కడుందో అతిథులు కాసేపు వెతుక్కోవాలి, రోజూ చూసే నాకు కూడా తోక చివర ఏ రాయి దగ్గర ఆగుతుందో ఒక్కోసారి తెలియదు. 2020లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పురస్కారం పొందిన సెర్గేయ్ గోర్ష్‌కోవ్ చిత్రంలోనూ, చెట్టును కావలించుకున్న ఆడపులితో పాటు చుట్టూ ఉన్న అడవి కూడా కనిపిస్తుంది. గోడకు కావలసినవి అటువంటి చిత్రాలే.

అమ్మేవారు రిజల్యూషన్ గురించే, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు (పిక్సెళ్లు) ఉన్నాయన్న దాని గురించే, ఎక్కువగా మాట్లాడతారు. 24×36 అంగుళాలకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 7200×10800 పిక్సెళ్లు కావాలి, కానీ రెండు మీటర్ల దూరం నుంచి చూసే చిత్రానికి అందులో సగం, అంటే 150 చుక్కలు, చాలు. వారిని అడగవలసినవి వేరే ఉన్నాయి: సిరా ఏ రకం, కాగితం ఏది, జంతువును అడవిలో తీశారా, బోనులో పెంచినదాన్ని తెచ్చి నిలబెట్టి తీశారా. చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే నేను కొనను.

పులి ముఖాన్ని ఈమధ్య కిటికీ ఉన్న గోడకే, కిటికీ పక్కన మార్చాను. ప్రతిబింబాలు చాలావరకు తగ్గాయి, చూపు మాత్రం అలాగే ఉంది.