సిమ్యులేషనా, కాలేజీ ల్యాబా, సొంత కిట్టా: ఎలక్ట్రికల్‌లో చెయ్యి తిరగాలంటే ఏది మేలు?

సాఫ్ట్‌వేర్‌లో సర్క్యూట్ గీసి రన్ కొడితే వేవ్‌ఫామ్ వచ్చేస్తోంది కదా, ఇంక ల్యాబ్‌కెళ్ళి ఆ వైర్లతో కుస్తీ ఎందుకు అని జూనియర్లు అడుగుతుంటారు. అడగడంలో తప్పేం లేదు, నేనూ ఒకప్పుడు అదే బ్యాచ్. మూడూ వాడి చూశాక నాకు అర్థమైందేంటంటే, దేనితో చేశామన్నది కాదు, రీడింగ్ తేడా కొట్టినప్పుడు అక్కడ ఆగి బుర్ర గోక్కునే టైమ్ మనకి దొరికిందా లేదా అన్నదే అసలు సంగతి.

ముందు సిమ్యులేషన్. ఇదేం నిన్న మొన్న వచ్చింది కాదు, స్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేషన్ ప్రోగ్రామ్ 1973లోనే అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టింది, ఇప్పుడు ఎల్‌టీస్పైస్ లాంటివి ఫ్రీగానే దొరుకుతున్నాయి. దీని అసలు బలం ఖర్చు తక్కువ అవ్వడం కాదు, బెంచ్ మీద చెయ్యకూడనివి ఇందులో చేసి చూడొచ్చు. కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (పెద్ద కరెంట్‌ని కొలవడానికి చిన్నది చేసే ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీని లోడ్‌లో ఉండగా ఓపెన్ చేస్తే ఏమవుతుంది? ప్రైమరీ కరెంట్ మొత్తం కోర్‌ని మాగ్నెటైజ్ చెయ్యడానికే పోయి, సెకండరీ టెర్మినల్స్ దగ్గర ప్రాణం తీసేంత వోల్టేజ్ రావచ్చు. డీసీ షంట్ మోటార్ నో-లోడ్‌లో తిరుగుతుంటే ఫీల్డ్ వైర్ ఊడిందనుకోండి, ఫ్లక్స్ పడిపోయి స్పీడ్ అదుపు తప్పుతుంది. ఇలాంటివి ఎవరూ చేతులారా చేసి చూడరు, చూడకూడదు కూడా. పవర్ సిస్టమ్‌లో ఫాల్ట్ స్టడీ అయితే ఇంక చెప్పనక్కర్లేదు, గ్రిడ్‌ని తెచ్చి టేబుల్ మీద పెట్టలేం కదా.

కానీ స్పైస్‌లో గ్రౌండ్ గుర్తు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టేస్తాం, ఏమీ అవ్వదు. నిజం స్కోప్‌లో (ఆసిలోస్కోప్, వేవ్‌ఫామ్ చూపించే మీటర్) ప్రోబ్‌కి ఉండే ఆ చిన్న మొసలి క్లిప్ మామూలుగా సరాసరి ఎర్త్‌కి కలిసి ఉంటుంది. రెక్టిఫైయర్ సర్క్యూట్‌లో మెయిన్స్‌కి డైరెక్ట్‌గా కలిసిన పాయింట్ మీద దాన్ని తగిలిస్తే ఢాం అంటుంది, బ్రేకర్ పడుతుంది, అదృష్టం బాగోకపోతే స్కోప్ కూడా పోతుంది. డిఫరెన్షియల్ ప్రోబ్ (ఎర్త్‌తో సంబంధం లేకుండా రెండు పాయింట్ల మధ్య తేడా కొలిచేది) ఎందుకుందో పుస్తకంలో పది సార్లు చదివినా ఎక్కదు కానీ ఆ చప్పుడు పక్క బెంచ్‌లో ఒక్కసారి వింటే ఇంక మర్చిపోరు.

ఇంకొకటి, ఇది నాకే జరిగింది. 10 కిలో ఓమ్స్, 100 పీకోఫారడ్‌తో మామూలు ఆర్‌సీ లో-పాస్ ఫిల్టర్. లెక్కేస్తే కటాఫ్, అంటే సిగ్నల్ పడిపోవడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ, 159 కిలోహెర్ట్జ్, స్పైస్ కూడా ముద్దుగా అదే చూపించింది. బ్రెడ్‌బోర్డ్ మీద పెట్టి కొలిస్తే 80 దగ్గరే సిగ్నల్ పడిపోయింది. కెపాసిటర్ మార్చా, రెసిస్టర్ మార్చా, బోర్డ్‌ని తిట్టా, గంటన్నర పోయింది. చూస్తే ప్రోబ్ స్విచ్ 1ఎక్స్‌లో (సిగ్నల్‌ని తగ్గించకుండా నేరుగా పంపే పొజిషన్) ఉంది. ఆ పొజిషన్‌లో కేబుల్, స్కోప్ ఇన్‌పుట్ కలిసి దాదాపు 100 పీకోఫారడ్ మోస్తాయి, అంటే నా కెపాసిటర్ పక్కనే నేనే ఇంకో కెపాసిటర్ పెట్టేసి కటాఫ్‌ని సగం చేసుకున్నానన్నమాట. 10ఎక్స్‌కి (సిగ్నల్‌ని పదో వంతు చేసి పంపే పొజిషన్) మారిస్తే 140 దగ్గరకొచ్చింది, ఇంకా మిగిలిన తేడా అంతా ప్రోబ్ తాలూకు పది పన్నెండు పీకోఫారడ్, ఆ బ్రెడ్‌బోర్డ్ పట్టీల మధ్య ఉండే నాలుగైదు. కొలిచే మీటర్ కూడా సర్క్యూట్‌లో భాగమే అన్న ముక్క నాకు ఆ రోజు ఎక్కింది, అంతకు ముందు పరీక్షలో రాశానంతే.

మరి కాలేజీ ల్యాబ్‌లో ఇది జరగొచ్చు కదా అంటారా, జరగొచ్చు, కానీ జరగనివ్వరు. బ్యాచ్‌కి నలుగురైదుగురు, ఒకడు కనెక్షన్లిస్తాడు, ఒకడు రీడింగ్స్ రాస్తాడు, మిగతావాళ్ళు బెల్ కోసం చూస్తారు. మాన్యువల్‌లో సర్క్యూట్ ఉంటుంది, టేబుల్ ఉంటుంది, గ్రాఫ్ ఎలా రావాలో కూడా ఉంటుంది. తేడా వచ్చిందంటే ఎవరూ వెతకరు, ఆన్సర్‌ నుంచి వెనక్కి లెక్కేసి రీడింగ్స్ వండేస్తారు. 2002లో శాన్ డియాగోలో ఇంజినీరింగ్ టీచర్లు కూర్చుని ల్యాబ్ ఎందుకుండాలో 13 లక్ష్యాలు రాశారు, అందులో ఫెయిల్యూర్ నుంచి నేర్చుకోవడం ఒకటి, సేఫ్టీ ఒకటి, నైతికత కూడా ఒకటి. వండిన రీడింగ్స్‌తో ఈ మూడూ ఒక్క దెబ్బకి పోతాయి. అలాగని కాలేజీ ల్యాబ్ దండగ అనను. ట్రాన్స్‌ఫార్మర్ ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ టెస్టులు, మోటార్ స్టార్టర్, త్రీ-ఫేజ్ పవర్ కొలవడం ఇవన్నీ పక్కన తెలిసినవాళ్ళు నిలబడి ఉంటేనే చెయ్యాలి, వాటికి వేరే చోటు లేదు.

సొంత కిట్ అంటే పెద్ద సెటప్ ఏం కాదు, ఒక మల్టీమీటర్, బ్రెడ్‌బోర్డ్, కరెంట్ లిమిట్ ఉన్న చిన్న సప్లై, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డ్, కుదిరితే యూఎస్‌బీ స్కోప్. ఇందులో ఉన్న సుఖమేంటంటే బెల్ కొట్టదు. ఆంప్స్ సాకెట్‌లో ప్రోబ్ మర్చిపోయి వోల్టేజ్ కొలవబోయి మీటర్ ఫ్యూజ్ పేల్చుకోవడం, ఐసీ పక్కన 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టకపోతే బోర్డ్ ఊరికే రీసెట్ అవుతుండడం, 741 అనే ఆప్-ఆంప్ ఐసీకి 20 కిలోహెర్ట్జ్‌లో 10 వోల్ట్ల పీక్ సైన్ అడిగితే అది త్రికోణం లాంటిది ఇవ్వడం (దాని స్లూ రేట్, అంటే అవుట్‌పుట్ మారగలిగే వేగం, మైక్రోసెకండ్‌కి అర వోల్టే, మనకి కావాల్సింది ఒకటింపావు) ఇవన్నీ ఇక్కడే తగులుతాయి, అప్పుడు డేటాషీట్ తెరుస్తాం. లోపమల్లా ఒకటే, తప్పు చేస్తే చెప్పేవాడుండడు. అందుకే 24 వోల్ట్ల లోపే ఉండండి, మెయిన్స్ జోలికి ఒంటరిగా వెళ్ళొద్దు, లిథియం బ్యాటరీల్ని షార్ట్ చెయ్యొద్దు.

ఉద్యోగానికి పనికొచ్చే అలవాట్ల సంగతి చెప్పాలంటే మూడూ వీకే. తేదీ వేసి పెన్నుతో రాయడం, తప్పైతే రబ్బర్ కాకుండా ఒక్క గీత కొట్టడం, ఏ మీటర్ ఏ రేంజ్‌లో పెట్టామో రాయడం, ఇది నీకు నువ్వు పెట్టుకోవాల్సిందే. ఇంటర్న్‌షిప్ దొరికితే మాత్రం వదలొద్దు, సప్లై ఆపి తాళం వేసి ట్యాగ్ కట్టి, ఆ తర్వాత కూడా టెస్టర్‌తో చూసుకుని గానీ చెయ్యి పెట్టని మనుషుల్ని అక్కడే చూస్తారు.

ఒకటే ఎంచుకోమంటే సొంత కిట్టే అంటాను, సిమ్యులేషన్‌ని దానికి ముందు మెట్టుగా వాడుకుంటూ. ప్రయోగానికి ముందు స్పైస్‌లో ఏమొస్తుందో కాగితం మీద రాసిపెట్టుకోండి, తర్వాత బెంచ్ మీద కొలిచి పక్కన రాయండి. రెండు అంకెలూ అచ్చంగా కలిశాయంటే మాత్రం ప్రోబ్ స్విచ్ ఎక్కడుందో ఇంకోసారి చూసుకోండి, నాకైతే మొదటిసారే అలా కలిసిన రోజు ఇంతవరకూ లేదు.