కూరకు ఐదు స్టార్లు, కట్టకు ఒకటే

చెరువు ఒడ్డునున్న ఒక రిసార్టుకు ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చాం, దాని రివ్యూ ఇది. భోజనంతో మొదలుపెడతాను. నాటుకోడి కూర కట్టెల పొయ్యి మీదే వండుతున్నారు. జొన్నరొట్టెలు అప్పటికప్పుడు చేసి వేడివేడిగా పెడుతున్నారు. బగారన్నం పొడిపొడిగా ఉంది. పచ్చిపులుసులో ఉల్లిపాయ దండిగా వేశారు, రెండోసారి అడిగినా విసుక్కోలేదు. మనిషికి 650 రూపాయల టికెట్‌లోనే భోజనం, ఒక బోటు రౌండు, స్విమ్మింగ్ పూల్ అన్నీ వచ్చేస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టుల రేట్లు తెలిసినవాళ్లకు ఇది చవకే. బాత్రూంలు శుభ్రంగా ఉన్నాయి. కాటేజీలో ఏసీ మాత్రం రాత్రంతా మోత.

నాగార్జునసాగర్ రోడ్డులో మాల్ అనే ఊరు దాటాక లోపలికి వెళ్లాలి. మా అల్లుడికి ఆఫీసులో ఎవరో చెబితే బుక్ చేశాడు. మార్చి ఆఖరు కాబట్టి ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పిల్లలు పెడల్ బోటు దిగనంటే దిగనన్నారు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ బోటు ఎక్కనివ్వడం లేదు, అది మెచ్చుకోవాల్సిన విషయం. చిన్నపిల్లల సైజువి తక్కువ ఉన్నాయి, కొన్నిటికి బకిల్ పడటం లేదు. ఎక్కే ముందు మీరే లాగి చూసుకోండి.

ఇక చెరువు సంగతి. నేను చిన్న నీటిపారుదల విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో నేను నడవని కట్టలు తక్కువే. అందరూ నీళ్లవైపు తిరిగి సెల్ఫీలు దిగుతుంటే నేను కట్ట వెనక వైపు దిగాను. మా అమ్మాయి పైనుంచి "నాన్నా, ఇక్కడ కూడా డ్యూటీయేనా" అని కేకేసింది.

వాగుకు అడ్డంగా వేసిన మట్టి కట్ట ఇది. నీళ్లు నాలుగైదు ఎకరాల్లో నిలిచాయి. నడిమధ్యన, వాగు పారిన చోట, కట్ట ఎత్తు 15 అడుగుల పైమాటే. చూసినవాళ్లకు చిన్న కుంట అనిపిస్తుంది. కానీ ఒక్క ఎకరంలో మీటరు లోతున నీళ్లు నిలిచినా నాలుగు వేల టన్నుల బరువు. ఇక్కడ ఎకరాలూ ఎక్కువే, లోతూ ఎక్కువే.

నీళ్లవైపు రాతి కట్టడం బాగుంది. రాళ్లు పొందికగా పేర్చారు, అలల తాకిడికి మట్టి జారలేదు. ఎవరో పని తెలిసిన మేస్త్రి చేయి పడింది. చెడగొట్టింది తర్వాత వచ్చినవాళ్లు. కట్ట మీద టైల్స్ వేసి, లైట్ల స్తంభాలు పాతి, కేబుల్ కోసం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జానెడు వెడల్పున తవ్వి, తవ్విన మట్టినే వదులుగా పోసేశారు. దిమ్మిస కొట్టలేదు, నీళ్లు చల్లలేదు. అక్కడ మట్టి కుంగి గాడి పడింది. వాన కురిస్తే ఆ నీళ్లు నేరుగా కట్ట కడుపులోకే. వెనక వాలు మీద సర్కారు తుమ్మలు కొట్టేసి మోళ్లు వదిలేశారు. పచ్చని చెట్టుకంటే ఈ మోళ్లే నాకు భయం. వేర్లు పుచ్చిపోయాక వాటి జాడల్లోనే నీళ్లకు దారి దొరుకుతుంది.

కట్ట మొదట్లో, చుట్టూ గడ్డి ఎండి పసుపు రంగుకు తిరిగిన చోట, ఒక మంచమంత మేర జమ్ము పచ్చగా పెరిగింది. అడుగు వేస్తే చెప్పు దిగబడింది. ఊట. మట్టి కట్ట అన్నాక ఎంతోకొంత ఊట ఉంటుంది, దానికే కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది నీళ్ల రంగు. వంటవాళ్లను అడిగి ఒక స్టీలు గ్లాసు తెచ్చుకుని, జమ్ము పక్కన చిన్న గుంట తీసి, అది తేరుకున్నాక ఊరిన నీళ్లు ముంచి పక్కన పెట్టాను. పావుగంట తర్వాత కూడా అడుగున మట్టి దిగలేదు, నీళ్లు తేటగానే ఉన్నాయి. కాబట్టి ఇప్పటికి కట్ట లోపలి మట్టి కొట్టుకు రావడం లేదు. ఏదో ఒక రోజు అవే నీళ్లు ఎర్రగా, బురదగా వస్తే లోపల బుంగ పడుతోందని, అంటే నీళ్లు కట్టను తొలిచేస్తున్నాయని లెక్క. ఆ రోజు గుర్తుపట్టే మనిషి అక్కడ ఉండాలి కదా. కాస్త అవతల మరో చెమ్మ చోట ఏకంగా సిమెంటు పూశారు. వెనక వైపు ఊటను అలా మూస్తే నీళ్లు ఆగవు, ఇంకోచోట పొడుచుకొస్తాయి. ఇసుక, కంకర పొరలుగా పరిచి నీళ్లను పోనిస్తూ మట్టిని ఆపాలి. పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మత్తడి ఒక్కటే ఒక ఎత్తు. నా చేత ఈ రివ్యూ రాయించింది అదే.

చెరువు నిండాక మిగిలిన వరద కట్ట మీదికి ఎక్కకుండా పక్క నుంచి దూకిపోవడానికే మత్తడి. ఇక్కడ దాని మీద అడుగున్నర ఎత్తున ఇటుక గోడ లేపారు. గోడ మీద మళ్లీ ఇనుప జాలి. జాలి నిండా గుర్రపుడెక్క, నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు. అక్కడున్న వాచ్‌మన్‌ను అడిగాను.

"చేపలన్నీ ఎల్లిపోతున్నయ్ సార్, అందుకే జాలి కొట్టించిండ్రు. గోడ ఏమో, బోటింగుకు నీళ్లు నిండుగ కనవడాలని."

మొదట కట్టినప్పుడు మత్తడికీ కట్ట పైభాగానికీ మధ్య మూడున్నర అడుగులు వదిలారు. ఇప్పుడు మిగిలింది రెండు. అడుగున్నరే కదా అనుకోకండి. మత్తడి మీద నీళ్ల ఎత్తు మూడున్నర నుంచి రెండుకు తగ్గితే, అది దాటించగల వరద సగానికంటే తక్కువకు పడిపోతుంది. జాలిలో చెత్త ఇరుక్కుంటే అదీ ఉండదు. అప్పుడు నీళ్లు కట్ట మీదుగా, అదీ టైల్స్ కుంగిన చోట నుంచి, పొర్లుతాయి. మట్టి కట్ట మీద నీళ్లు పొర్లడం మొదలైతే వెనక వాలు కోసుకుపోతుంది, ఇసుక బస్తాలు తెచ్చేలోపే గండి పడుతుంది.

పోనీ, వాన హెచ్చరిక వచ్చినప్పుడు కట్ట అడుగు నుంచి నీళ్లు వదిలే తూము ఎత్తి నీళ్లు ముందే తగ్గించుకుందామా అంటే, తూముకు ఉన్నది ఒకే పైపు, ఒకే వాల్వ్. చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. వాచ్‌మన్, నేను, మా అల్లుడు ముగ్గురం పట్టినా కదల్లేదు. (అల్లుడి తెల్ల చొక్కా పాడైంది. దానికి మా అమ్మాయి అన్న మాటలు ఇక్కడ అక్కర్లేదు.)

మేనేజర్ మర్యాదస్తుడే. కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "ఇది చిన్న చెరువు అంకుల్, ప్రాజెక్టు కాదు కదా. ఇన్నేండ్లల్ల ఏం కాలే" అన్నాడు. ఇంజినీరుతో ఎప్పుడైనా చూపించారా అంటే, కాగితాలన్నీ ఓనర్ సార్ దగ్గర ఉంటాయన్నాడు.

ప్రాజెక్టు సంగతే చెప్పాలంటే మన వనపర్తి జిల్లాలోనే సరళాసాగర్ ఉంది. 1959లో పూర్తయింది. గేట్లెత్తే మనిషి అక్కర్లేకుండా నీళ్లు నిండగానే వాటంతటవే పారే సైఫన్లు దాని ప్రత్యేకత, చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. 2019 డిసెంబర్ 31న దానికి గండి పడింది. వానాకాలం ఎప్పుడో అయిపోయింది. తెగింది ఆ గొప్ప సైఫన్లు కాదు, పక్కనున్న మట్టి కట్ట. ఆ మరుసటేడు అక్టోబర్ వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి నీళ్లు బెంగళూరు హైవే మీదికి వచ్చిపడ్డాయి. మనుషులు పోయారు. అదేమీ మహా ప్రాజెక్టు కాదు, చెరువే.

2021లో కేంద్రం డ్యాముల భద్రతకు చట్టం తెచ్చింది. అది 15 మీటర్లు దాటిన డ్యాములకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే, కట్ట పొడవు, నీళ్ల నిల్వ, వరద లాంటి కొన్ని షరతుల్లో ఒక్కటైనా ఉండాలి. 15 అడుగుల కట్ట ఆ లెక్కలోకే రాదు. ఏటా వానలకు ముందు, తర్వాత ఎవరో వచ్చి దీన్ని చూస్తారని అనుకోకండి. ఓనరు సొంత ఖర్చుతో చూపించుకోవాల్సిందే.

పిల్లల ఆటస్థలం, కార్ పార్కింగ్, నాలుగు కాటేజీలు కట్ట కిందే ఉన్నాయి. నీడ బాగుంటుందని అక్కడ పెట్టారట. ఇంకా దిగువకు వెళ్తే వాగు పక్కన ఒక తండా. మనం టికెట్ కొని వచ్చాం, నచ్చకపోతే మళ్లీ రాం. తండావాళ్లను ఎవరూ అడగలేదు.

ఎండాకాలంలో వెళ్లేవాళ్లు నిశ్చింతగా వెళ్లండి, కోడికూర కోసమైనా వెళ్లొచ్చు. జూన్ నుంచి అక్టోబర్ దాకా మాత్రం రాత్రి బస వద్దు. తప్పదనుకుంటే కట్ట కింద కాటేజీలు తీసుకోకండి, గేటు దగ్గర ఎత్తు మీద మూడు ఉన్నాయి, అవి అడగండి. వాన పడుతుంటే కారు కూడా అక్కడే పెట్టుకోండి.

ఇప్పటికి మొత్తంగా 2 స్టార్లు. మత్తడి మీద గోడ, జాలి తీసేసి, వాల్వ్ తిరుగుతున్న వీడియో ఎవరైనా పెడితే 4కు మారుస్తాను. మిగిలిన ఒక్క స్టారూ ఏసీ మోతకు పట్టుకున్నాను.