యాపిల్ బ్రెడ్ బెట్టీకి 28 లీటర్ల ఓటీజీ: కొన్నేళ్లు వాడాక

యాపిల్, పాత బ్రెడ్, వెన్న, చక్కెర. అమెరికావాళ్లు బ్రౌన్ బెట్టీ అని పిలుచుకునే తీపికి ముఖ్యంగా కావలసింది ఇంతే. గుడ్డు లేదు, మైదా కలిపేది లేదు, పొంగాల్సింది ఏమీ లేదు. అందుకే కేకు సరిగ్గా రాని ఓవెన్‌లో కూడా ఇది వచ్చేస్తుందనుకుంటారు. వస్తుంది, కాకపోతే అడుగున ముద్ద, పైన మాడు. హనుమకొండలో ఒక మామూలు వంటింట్లో 1500 వాట్ల ఓటీజీని (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పొయ్యి) కొన్నేళ్లుగా ఎక్కువగా ఈ తీపికే వాడాక తేలింది ఒకటే: ఈ తీపి చెడితే దాదాపు ఎప్పుడూ నీళ్ల దగ్గరే చెడుతుంది. పండు ఎంచినా, బ్రెడ్ కొన్నా, గిన్నె తీసినా, డయల్ తిప్పినా ఆ నీళ్ల లెక్కే చూసుకోవాలి.

లెక్క ఇదీ. 8 అంగుళాల గుండ్రటి గిన్నెకు 800 గ్రాముల యాపిల్స్ తీసుకుంటే చెక్కు, గింజల గూడు పోగా 600 గ్రాముల ముక్కలు మిగులుతాయి. యాపిల్‌లో నూటికి 85 పాళ్ల దాకా నీళ్లే. అంటే గిన్నెలోకి అర లీటరు నీళ్లు పోస్తున్నట్టే. దాన్ని పీల్చుకోవడానికి ఉన్నది 200 గ్రాముల బ్రెడ్. ఆరబెట్టాక అది 150 గ్రాములకు దిగుతుంది. దీనికి తోడు 75 గ్రాముల వెన్న, 80 గ్రాముల చక్కెర, ఒక పెద్ద చెంచా నిమ్మరసం, అర చెంచా దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు. ఉప్పు వెన్న వాడితే ఆ చిటికెడు కూడా వద్దు.

పండు సంగతి కాస్త ఎక్కువగానే చెప్పాలి. మన బండ్ల మీద ఆగస్టు నుంచి సిమ్లా కాయ, సెప్టెంబరు దాటాక కాశ్మీర్ కాయ దొరుకుతుంది. ఆ తర్వాత ఎండాకాలం దాకా వచ్చేది ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోనూ యాపిల్ పండించారు గానీ, చౌరస్తా బండ్ల మీద ఇంకా ఉత్తరాది కాయే. ముదురు ఎరుపు డెలీషియస్ రకం తినడానికి బాగుంటుంది, ఓవెన్‌కు పనికిరాదు. పులుపు తక్కువ, వేడి తగలగానే గుజ్జయిపోతుంది. బొటనవేలితో నొక్కితే లొత్తపడే స్టోరేజీ కాయ మరీ అన్యాయం, కొరికితేనే పిండిపిండిగా ఉంటుంది. సూపర్ మార్కెట్లలో దొరికే ఆకుపచ్చ గ్రానీ స్మిత్ ముక్క ఆకారం చెడకుండా ఉడుకుతుంది. అన్నీ అవే వేస్తే పులుపూ ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. రెండు పాళ్లు గట్టి ఎర్ర కాయ, ఒక పాలు ఆకుపచ్చది కలిపితే సరిపోతుంది. ఆకుపచ్చది దొరకనప్పుడు నిమ్మరసం ఒకటిన్నర పెద్ద చెంచాలకు పెంచండి. రుచి నిలబడుతుంది, ముక్క మాత్రం కొంత మెత్తబడుతుంది. మైనం పూత ఉండే కాయలు చాలా వస్తున్నాయి కాబట్టి చెక్కు తీయడమే మంచిది.

ముక్క మందం అర సెంటీమీటరు. అంతకంటే లావైతే పై పొడి మాడేసరికి కూడా నడుమ పచ్చిగా ఉంటుంది. మరీ పల్చనైతే గుజ్జు. కోసిన ముక్కలకు చక్కెర, నిమ్మరసం, దాల్చినచెక్క, ఉప్పు పట్టించి 20 నిమిషాలు పక్కన పెడితే చక్కెర నీళ్లను బయటికి లాగుతుంది. ఆ రసాన్ని వంపి, చిన్న గిన్నెలో సగానికి మరిగించి, మళ్లీ ముక్కల మీద పోయాలి. రుచి పోదు, నీళ్లు మాత్రం పోతాయి. ఎక్కువమంది ఎగ్గొట్టే పని ఇదే, అడుగు ముద్దయ్యేది కూడా ఎక్కువగా ఇది ఎగ్గొట్టడం వల్లే.

డబల్ రొట్టె విషయానికి వస్తే, మన ఊరి బేకరీ బ్రెడ్ చాలావరకు తీపి కలిసినది, మెత్తనిది. మిల్క్ బ్రెడ్ అయితే చక్కెర 80 నుంచి 60 గ్రాములకు తగ్గించాలి. రెండో రోజు బ్రెడ్ శ్రేష్ఠం. తాజాది తప్పకపోతే ముక్కలు చేసి 150 డిగ్రీల దగ్గర 10, 12 నిమిషాలు ఆరబెట్టాలి. రంగు రాకూడదు, పట్టుకుంటే పొడిగా తగలాలి. వానకాలంలో బ్రెడ్ మూడో రోజుకే బూజు పడుతుంది కాబట్టి, ఒకేసారి ఆరబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవడం మేలు. మిక్సీలో ఆపి ఆపి రెండు మూడుసార్లు తిప్పండి. అటుకుల సైజు ఉండాలి. మెత్తటి పొడి చేస్తే రసం తగలగానే జిగురుముద్దవుతుంది. రస్కులు నూరి వేయడం సులువుగా కనిపిస్తుంది గానీ అవి రసాన్ని గబుక్కున తాగేస్తాయి. వేయాలనుంటే మూడో వంతు దాటొద్దు, అదీ పై వరసలోనే.

కరిగిన వెన్న ఈ పొడికి ఒక్క రవ్వా వదలకుండా పట్టాలి. డబల్ కా మీఠాకు బ్రెడ్‌ను ముందే నేతిలో వేయించేది ఎందుకో ఇక్కడా అందుకే: కొవ్వు పట్టిన బ్రెడ్ రసాన్ని నెమ్మదిగా పీలుస్తుంది. నెయ్యి వాడొచ్చు, 60 గ్రాములు చాలు. వెన్నలో నీళ్లుంటాయి, నేతిలో దాదాపు ఉండవు. నేతితో పై పొర ఎక్కువ కరకరలాడుతుంది. వాసన మాత్రం మన స్వీటు వైపు లాగుతుంది కాబట్టి అప్పుడు దాల్చినచెక్క బదులు ఏలకులు వేస్తేనే బాగుంటుంది. ఇది మాత్రం ఎవరి ఇష్టం వారిది. చక్కెరలో మూడో వంతు బెల్లం తురుము వేస్తే రంగు, రుచి అసలు వంటకానికి దగ్గరగా వస్తాయి. బెల్లం త్వరగా మాడుతుంది, చివరి దశలో 10 డిగ్రీలు తగ్గించాలి.

ఇక ఓవెన్. 28 లీటర్ల సైజు ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. చిన్న ఓటీజీల్లో పై రాడ్లకు, గిన్నె అంచుకు మధ్య రెండు వేళ్ల సందు కూడా ఉండదు, లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది. కనీసం నాలుగు వేళ్ల సందు ఉండాలి. డయల్‌ను నమ్మొద్దు. లోపల పెట్టే చిన్న ఓవెన్ థర్మామీటర్ కొనుక్కుంటే తెలుస్తుంది: ఇక్కడ వాడిన ఓవెన్‌లో డయల్ 180 మీద ఉంటే లోపల 165. లైటు మొదటిసారి ఆరగానే వేడెక్కిందనుకుని గిన్నె పెట్టేయకండి, అప్పటికి గోడలు, ట్రే ఇంకా వేడెక్కి ఉండవు. ఆరి, మళ్లీ వెలిగి, రెండోసారి ఆరేదాకా, అంటే 12 నుంచి 15 నిమిషాలు ఆగాలి. ఫ్యాను ఉన్న ఓవెన్ అయితే కింద చెప్పే ప్రతి అంకెలో 20 డిగ్రీలు తగ్గించుకోండి.

వోల్టేజీ గురించి ఓవెన్‌తో వచ్చే పుస్తకంలో ఉండదు. రాడ్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 230 దగ్గర 1500 వాట్లు ఇచ్చేది 200కు పడిపోతే దాదాపు 1130 వాట్లే ఇస్తుంది, నాలుగో వంతు వేడి మాయం. ఎండాకాలం సాయంత్రాలు వీధంతా ఏసీలు, కూలర్లు నడిచే వేళ ఇదే జరుగుతుంది. రాడ్ ఎర్రగా కాకుండా మసకగా కనిపిస్తే అదే గుర్తు. అప్పుడు డయల్ పెంచినా లాభం లేదు, సమయం పెంచాలి. పొద్దున్నే పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు, వంటిల్లు కూడా మరీ ఉడికిపోదు. ఫ్రిజ్ స్టెబిలైజర్‌కు మాత్రం దీన్ని తగిలించొద్దు, అది ఇంత లోడు మోయలేదు. ప్లగ్గు కూడా చిన్న సాకెట్‌లో కాక 16 యాంపుల పవర్ సాకెట్‌లోనే పెట్టాలి.

కరెంటు పోతే ఇంకో తిరకాసు. ఈ ఓవెన్లలో చాలావాటికి ఉండేది స్ప్రింగు టైమర్; కరెంటు ఉన్నా లేకున్నా అది తిరుగుతూనే ఉంటుంది, గంట కొట్టేస్తుంది. గంట విని తీస్తే లోపల సగం ఉడికి ఉంటుంది. పోయిన వేళను గడియారంలో చూసుకుని ఆ మేరకు కలపాలి. ఐదు పది నిమిషాలైతే తలుపు తెరవకుండా ఉంచండి. అంతకు మించితే మొదటి అరగంట పైన కప్పి ఉంచే అల్యూమినియం ఫాయిల్ తీసేయాలి, లేకుంటే ఆవిరి చల్లబడి పొడి మీదే నీళ్లై దిగుతుంది.

గిన్నెల్లో అల్యూమినియం టిన్ వేడిని త్వరగా పట్టుకుంటుంది, అడుగు బాగా ఎర్రబడుతుంది. కానీ యాపిల్, నిమ్మ పులుపు దానితో పడవు. రాత్రంతా అందులోనే వదిలేస్తే లోహపు రుచి వస్తుంది. వండాక వేరే గిన్నెలోకి మార్చాలి. వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు గిన్నెలో ఆ బాధ లేదు, అడుగు రంగు బయటికే కనిపిస్తుంది, నేరుగా వడ్డించొచ్చు. గాజు నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి 8, 10 నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ఓవెన్‌లో పెట్టడం, వేడి గిన్నెను తడి గట్టు మీద దించడం, రెండూ పగలగొట్టే పనులే. పల్చటి స్టీలు గిన్నె వద్దు, ఒకచోట మాడి ఇంకోచోట తెల్లగా ఉంటుంది.

పేర్చడం తేలిక. గిన్నెకు వెన్న రాసి, మూడో వంతు పొడి పరిచి, సగం ముక్కలు, మళ్లీ మూడో వంతు పొడి, మిగతా ముక్కలు, పైన మిగిలిన పొడి. చేత్తో నొక్కొద్దు, ఆవిరి బయటికి పోయే దారి ఉండాలి. అంచుకు ఒక వేలు కిందికే నింపాలి. పొంగిన రసం కింది ట్రే మీద పడితే చక్కెర కాలి ఇల్లంతా పొగ. ఫాయిల్ వదులుగా కప్పి, కింది వరసలో, థర్మామీటర్ 180 చూపిస్తుండగా రెండు రాడ్లతో 30 నిమిషాలు. ఫాయిల్ రాడ్‌కు తగలకుండా చూసుకోండి. తర్వాత ఫాయిల్ తీసి, 190 దగ్గర ఇంకో 20 నుంచి 25 నిమిషాలు. అంచుల్లో రసం చిక్కగా, పెద్ద బుడగలతో ఉడుకుతుండాలి. చిన్న బుడగలు గబగబా వస్తుంటే ఇంకా నీళ్లున్నట్టు. నడుమ కత్తి గుచ్చితే ఆగకుండా దిగాలి. దించాక 20 నిమిషాలు కదపొద్దు. వేడిగా ఉన్నప్పుడు నీళ్లగా కనిపించే రసం యాపిల్‌లోని పెక్టిన్ అనే జిగురు పదార్థం వల్ల చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. దించగానే తవ్వితే పలచగా కారుతుంది, చాలామంది అది వంట తప్పనుకుంటారు.

పైన ఎర్రగా ఉండి ముక్క పచ్చిగా మిగిలితే ఫాయిల్ మళ్లీ కప్పి 170కి దించి 15 నిమిషాలు. ముక్క ఉడికి పైన తెల్లగా ఉంటే పై రాడ్ ఒక్కటే, 4 నిమిషాలు, తలుపు దగ్గరే నిలబడి. అడుగు ముద్దయిందంటే దాన్ని బాగుచేసే దారి లేదు, ఐస్‌క్రీమ్‌తో తినేయడమే.

కుక్కర్‌లో ఉప్పు పోసి చేసే పద్ధతి దీనికి నప్పదు. మూత కింద ఆవిరి బయటికి పోదు, పై పొర ఎర్రబడదు. ఓటీజీ లేనివాళ్లు పొడిని పెనం మీద నేతిలో దోరగా వేయించి, యాపిల్‌ను విడిగా మగ్గించి, తినే ముందు కలుపుకోవడం నయం.

యంత్రం అరుగుదల విషయానికొస్తే, ముందు పోయింది డయల్ మీది అంకెలు. గోరు రంగుతో 150, 180, 200 దగ్గర చుక్కలు పెట్టుకుంటే చాలు. కింది రాడ్ ఒకసారి కాలిపోయింది. కొలత, వాట్లు చూసి రిపేరు దుకాణంలో వేయించుకోవచ్చు, కొత్త ఓవెన్ అక్కర్లేదు. తలుపు స్ప్రింగు వదులైతే వేడి కారిపోతుంది. తలుపులో కాగితం ముక్క ఇరికించి లాగండి, అడ్డులేకుండా జారి వచ్చిందంటే బిగించాల్సిందే. గాజు మీది గోధుమ మరకలకు తినే సోడా ముద్ద రాసి, అరగంట ఆగి తుడిస్తే చాలావరకు పోతాయి. కరెంటు ఒక్కో వాయికి ఒక యూనిట్ చుట్టూ.

మిగిలింది ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది. మైక్రోవేవ్‌లో పెడితే పై పొర తోలులా సాగుతుంది. గాజు గిన్నెలో ఉంటే ముందు బయట చల్లదనం పోనిచ్చి, ఓటీజీలో 160 దగ్గర 10 నిమిషాలు, మూత లేకుండా.