ఇంటి వెనీలా ఎక్స్‌ట్రాక్ట్: నాలుగేళ్లు వాడాక

బజారు వెనీలా ఎసెన్స్‌కి అలవాటుపడిన ముక్కుకి ఇంట్లో వెనీలా కాయల్ని మద్యంలో ఊరబెట్టి చేసిన ఎక్స్‌ట్రాక్ట్ మొదటిసారి చప్పగానే తోస్తుంది. మూత తీయగానే గుప్పుమనదు. ముందు ఆల్కహాల్ ఘాటు తగులుతుంది. అది తేలిపోయాక ఎండుద్రాక్ష, పాత బెల్లం, కాస్త పొగాకు, కాస్త చెక్క లాంటి వాసనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎసెన్స్‌లో ఉండేది చాలావరకు ఫ్యాక్టరీలో తయారైన వెనిలిన్ (వెనీలాకి ఆ వాసననిచ్చే ముఖ్య పదార్థం) ఒక్కటే. కాయలో దానితో పాటు వందకు పైగా వాసన పదార్థాలుంటాయి. ఆ తేడా కొన్ని వంటల్లో కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, కొన్నింట్లో అసలు తెలియదు.

తెలిసేవి ఇవి: కస్టర్డ్, ఐస్‌క్రీమ్, విప్పింగ్ క్రీమ్, చీజ్‌కేక్, బటర్‌క్రీమ్. పొయ్యి సెగ తగలనివి, లేదా తక్కువ తగిలేవి. అర లీటరు పాల కస్టర్డ్‌కి ఒక టీస్పూను, అంటే 5 మి.లీ., పొయ్యి కట్టేసి ఐదారు నిమిషాలాగి కలిపితే చాలు. మరిగే పాలలో పోస్తే వాసన ఆవిరితో పోతుంది, వంటిల్లంతా ఘుమఘుమ, గిన్నెలో ఏమీ ఉండదు. చాక్లెట్ కేక్, మసాలా దట్టించిన ప్లమ్ కేక్, కరకరలాడేలా కాల్చిన బిస్కెట్లు, వీటిల్లో ఎసెన్స్ పడిందో ఎక్స్‌ట్రాక్ట్ పడిందో కళ్లు మూసుకుని చెప్పడం కష్టం. వాటికి ఎసెన్సే వాడండి, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఏలకులు వేసే పాయసంలో మాత్రం రెండూ దండగే.

ఇంటి ఎక్స్‌ట్రాక్ట్ పలచగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఒక్కటే, కాయలు చాలకపోవడం. ‘కప్పు వోడ్కాకి మూడు కాయలు’ అనే లెక్క అందరి నోటా తిరుగుతుంది. ఒక్కో కాయ సగటున 3–4 గ్రాములు. మూడు కాయలంటే పది గ్రాముల చిల్లర. అమెరికా ఆహార నిబంధనల ప్రకారం వెనీలా ఎక్స్‌ట్రాక్ట్ అని సీసా మీద రాయాలంటే గ్యాలన్‌కి 13.35 ఔన్సుల కాయలు, కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి. మన కొలతల్లో లీటరుకు దాదాపు 100 గ్రాములు. ‘కప్పుకి మూడు’ లెక్క అందులో సగానికి కూడా రాదు. మన సీసాల్లో చెప్పాలంటే క్వార్టర్‌కి (180 మి.లీ.) 18 గ్రాములు, హాఫ్‌కి (375 మి.లీ.) 38, ఫుల్‌కి (750 మి.లీ.) 75. లెక్కపెట్టొద్దు, తూకం వేయండి. ఒకే కట్టలో 2 గ్రాముల కాయా ఉంటుంది, 5 గ్రాముల కాయా ఉంటుంది. ఇంతకు రెట్టింపు కాయలు వేసి చిక్కగా చేసేవాళ్లూ ఉన్నారు. ఇంటి వాడకానికి దాని అవసరం కనిపించలేదు. చివరికి టీస్పూను బదులు అర టీస్పూను వేస్తాం, అంతే.

కాయలు కొనేటప్పుడు నిగనిగలాడే లావుపాటి ‘ఏ’ గ్రేడ్ కాయల్ని చూసి మోజుపడకండి. వాటిలో తేమ 30 శాతం దాటి ఉంటుంది, కొన్న బరువులో మూడో వంతు నీళ్లే. ఎక్స్‌ట్రాక్ట్‌కి ‘బీ’ గ్రేడ్ మేలు. సన్నగా, ముడతలు పడి, ముదురు గోధుమ రంగులో ఉంటుంది, తేమ 25 శాతం లోపే, ధరా తక్కువ. వేలికి చుడితే కొంచెం మొరాయించి వంగాలి. పుల్లలా ఫట్‌మని విరిగితే ఎండిపోయిన పాత సరుకు. కాయ మీద సన్నటి తెల్లటి సూదులు వెలుతురులో తళుక్కుమంటే భయం లేదు, అది పైకి తేలిన వెనిలినే. మెరుపు లేకుండా దూదిలా, మచ్చలు మచ్చలుగా ఉంటే బూజు. ఆ కాయతో పాటు దాన్ని ఆనుకున్నవీ తీసేయాల్సిందే. కొన్న కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పట్టి బూజుకి దారి తీస్తుంది. గాలి చొరని గాజు సీసాలో వేసి చీకటి అలమరలో పెడితే చాలు.

మన దేశపు కాయలు ఎక్కువగా కేరళ, కర్ణాటక కొండ ప్రాంతాల నుంచి వస్తాయి. 2000లో మడగాస్కర్‌ని తుపాను దెబ్బతీశాక ధరలు ఆకాశానికెక్కితే మన కేరళ, కర్ణాటక రైతులు ఆశపడి విరివిగా తీగలు పెట్టారు. ధర కూలాక చాలామంది పీకేశారు. పెంచడం తేలిక కాదు, ప్రతి పువ్వుకీ పూసిన పూటే పుల్లతో చేత్తో పరాగం అద్దాలి. రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లాడు 1841లో కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. కాయ ధర చూసి గుండె గుభేల్‌మన్నప్పుడు ఇది గుర్తుచేసుకోవాలి. మామూలుగా దొరికే ప్లానిఫోలియా రకం కస్టర్డ్, కేక్ లాంటి అన్నింటికీ సరిపోతుంది. తాహితి రకం పూల వాసన, సోంపు వాసన కొడుతుంది, పళ్లతో చేసేవాటికి బాగుంటుంది.

ఆల్కహాల్ సంగతి సులువే. మన దగ్గర అమ్మే వోడ్కా, రమ్, బ్రాందీ సాధారణంగా 42.8 శాతం. ఈ పనికి అదే సరైన పాళ్లు. ఏ వాసనా లేని మామూలు వోడ్కా అయితే కాయ రుచి ఉన్నదున్నట్టు వస్తుంది, ఖరీదైనది కొనడం డబ్బు దండగ. డార్క్ రమ్‌లో చేసింది మెత్తటి రుచితో, బెల్లపు తీపితో ఉంటుంది కానీ కుదురుకోవడానికి ఇంకో ఆర్నెల్లు ఎక్కువ అడుగుతుంది. విస్కీ వద్దు, దాని వాసనే మిగులుతుంది. వైన్, బీరు పనికిరావు, ఆల్కహాల్ చాలక పాడవుతాయి. స్పిరిట్ ఎంత ఘాటైతే అంత మంచిదనేది కూడా అపోహే. 60, 70 శాతం దాటితే కాయ బిరుసెక్కిపోతుంది, నీళ్లలో కరిగే రుచులు దిగవు. సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, ల్యాబ్‌లో వాడే స్పిరిట్ విషం, వాటి జోలికే పోకండి.

పని పావుగంటే. ఫుల్ సీసాలోంచి 80 మి.లీ. పక్కకు తీయండి, లేకపోతే కాయలు వేయగానే పొంగి కారుతుంది. కాయని పలక మీద పరిచి, చాకు మొనతో నిలువునా చీల్చండి, ఒక చివర రెండు సెంటీమీటర్లు వదిలేయండి. లోపల గసగసాల కన్నా సన్నటి నల్ల గింజలు నూనె జిడ్డుతో ముద్దగా ఉంటాయి. చాకుకి, వేళ్లకి అంటుకున్నదంతా కూడా సీసాలోకే పోవాలి, అందుకే చాకుని పక్కకు తీసిన వోడ్కాలో కడిగి అదీ పోసేయండి. కాయలు పొడవైతే రెండు మూడు ముక్కలు చేయండి. ఆవకాయ ముక్క నూనెలో మునగకపోతే ఏమవుతుందో మనకు తెలుసు, ఇక్కడా అంతే. పైకి తేలిన కొన జిగురు కట్టి, బూజు పట్టొచ్చు. ముక్కలన్నీ మునిగేలా ద్రవం నింపండి.

మొదటి నెల వారానికోసారి, తర్వాత నెలకోసారి సీసా ఊపితే సరిపోతుంది. రోజూ మూత తీసి వాసన చూస్తే ఆల్కహాల్ ఎగిరిపోవడం తప్ప ప్రయోజనం లేదు. వారానికి పలుచని టీ రంగు, నెలకి విస్కీ రంగు, ఆర్నెల్లకి ఫిల్టర్ కాఫీ డికాక్షన్ రంగు వస్తుంది. రంగుని నమ్మకండి. రెండు నెలలకి చూడ్డానికి తయారైనట్టే ఉంటుంది, చెంచాతో రుచి చూస్తే వోడ్కానే. ఆర్నెల్లకి వాడుకోవచ్చు. ఏడాదికి ఘాటు తగ్గి రుచి ఒకటవుతుంది. మూడో ఏట సీసాలు ఇంకా బాగున్నాయి. వేడి చేస్తే త్వరగా అవుతుందని కొందరు సీసాని కుక్కర్‌లో పెడతారు. ఆ గాఢతలో ఆల్కహాల్ ఆవిరి మంట తగిలితే గది వేడికే అంటుకుంటుంది, మూసిన సీసా పగలనూ వచ్చు. ఆర్నెల్లు ఆదా చేయడానికి అంత సాహసం అక్కర్లేదు.

నూనె చుక్కల్లా పైన తేలేవి, అడుగున దిగే గోధుమ రంగు నలుసు, రెండూ కాయవే. తీగలా సాగే జిగురు కూడా చీల్చిన కాయల్లో మామూలే. కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకడితే పోతుంది, మల్లు గుడ్డలో ఒక్కసారితో పోదు. అసలు చెడగొట్టేది వాడిన కొద్దీ వోడ్కా పోసుకుంటూ పోవడం. మొదటి ఒకటి రెండు సార్లు పరవాలేదు, తర్వాత రంగు నీళ్లే. రెండు సీసాలు నడపడం మేలు, ఒకటి వాడుకలో, ఒకటి ఊరుతూ.

కానుకలకైతే లెక్క ముందే వేసుకోండి. కాయలు పీల్చుకున్నది, వడపోతలో పోయింది తీసేస్తే ఫుల్ సీసా నుంచి 60 మి.లీ. సీసాలు పదకొండు వస్తాయి. డిసెంబరు కేకుల కాలానికి ఇవ్వాలంటే జనవరిలో, కనీసం జూన్‌కి మొదలుపెట్టాలి. ఆలస్యమైతే ‘ఫలానా నెల తర్వాత తెరవండి’ అని చీటీ అంటించి ఇవ్వడం మర్యాద. ముదురు రంగు గాజు, ప్లాస్టిక్ మూత ఎంచుకోండి. డ్రాపర్ సీసాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ రబ్బరు కొన్ని నెలల్లో మెత్తబడి వాసన కలుపుతుంది. కార్కు నుంచి ఆవిరి పోతుంది. చీటీ మీద తేదీ, ఏ మద్యంలో చేశారు, టీస్పూను మోతాదు రాయండి. ఆల్కహాల్ ఉందని పెద్దక్షరాల్లో రాయడం తప్పనిసరి, మందు ఇంట్లోకి రానివ్వని ఇళ్లు మనవాళ్లలో చాలానే. వాళ్లకు అరకిలో పంచదారలో రెండు చీల్చిన కాయలు పాతి, మూడు వారాలు మూసిపెట్టిన వెనీలా పంచదార ఇవ్వండి. తినే గ్లిజరిన్ మూడు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి చేసేదీ ఉంది, అది జిగటగా, తియ్యగా, సగం బలంతో వస్తుంది. పంచదారే నయం.

వడకట్టాక కాయలు పారేయకండి. పళ్లెంలో పరిచి నీడలో పెళుసయ్యేదాకా ఆరబెట్టి, మిక్సీలో చెంచాడు పంచదారతో తిప్పి జల్లించండి. ఆ నల్ల చుక్కల పొడి వెన్న బిస్కెట్లకి, ఫ్రెంచ్ టోస్ట్‌కి బాగుంటుంది. తడి మీదే మిక్సీలో వేస్తే బ్లేడు కింద ముద్దయి కూర్చుంటుంది.