మూడు కుండల కంపోస్టు కిట్: ప్రాథమిక బడికి పనికొస్తుందా?

ఈ కిట్లు ఇప్పుడు చాలా కంపెనీల పేర్లతో దొరుకుతున్నాయి. అన్నింటిలోనూ సరుకు దాదాపు ఒకటే: ఒకదానిమీద ఒకటి కూర్చునే మూడు మట్టి కుండలు, ఒక మూత, చేతి పార, కొబ్బరి పొట్టు ఇటుక, థర్మామీటరు, పిల్లల కోసం బొమ్మల కార్డులు. పై రెండు కుండలకు అడుగు ఉండదు, తాళ్ల వల ఉంటుంది. వస్తువు మంచిదే. ఇబ్బంది పెట్టేది దాంతో వచ్చే పుస్తకం. బడిలో ఏ చెత్త ఎంత వస్తుందో దాన్ని రాసినవాళ్లు చూసినట్టు లేదు.

ముందు లెక్క చూద్దాం. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 50 గ్రాముల కూరగాయలు. అరవై మంది ఉన్న బడికి రోజుకు 3 కిలోలు, అందులో తొక్కలు, తొడిమలు కలిపి అర కిలో దాకా వస్తాయి. ఆ అర కిలోకు ఈ కుండలు సరిపోతాయి. పళ్లాల్లో మిగిలిన సాంబారన్నం కూడా ఇందులోనే వేయొచ్చని పుస్తకం అంటుంది. వేయొద్దు. అన్నం ముద్దకట్టి గాలి ఆడనివ్వదు, నాలుగో రోజుకు కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది. ఆ వాసన ఒక్కసారి తగిలితే పిల్లలు మళ్లీ కుండ దగ్గరికి రారు. మిగిలిన అన్నాన్ని విడిగా ఒక బకెట్లో వేసి, రోజూ తూకం వేయించి, గోడమీది చార్టులో రాయిస్తే చాలు. మూడో తరగతి పిల్లలకు అది తూకాల పాఠం. ఎంత పారేస్తున్నామో కూడా అందులోనే కనిపిస్తుంది.

కిట్‌లో లేని అసలు సరుకు ఎండాకు. ఒక మగ్గు తొక్కలకు రెండు మగ్గుల నలిపిన ఎండాకు పడాలి. ఆ లెక్కన నెలకు దాదాపు ఒక యూరియా సంచి, బడి నడిచే పది నెలలకు పది సంచులు కావాలి. వేప, కానుగ ఆకు రాలేది ఫిబ్రవరి, మార్చిలో. అప్పుడు ఊడ్చి తగలబెట్టకుండా సంచులకెత్తి వరండా మూల పెట్టుకోవాలి. మామిడాకు మందం, నలపకుండా వేస్తే నెలల తరబడి అలాగే ఉంటుంది. నీలగిరి ఆకు వద్దు. కిట్‌లోని కొబ్బరి పొట్టు మొదటి రెండు మూడు వారాలకే అయిపోతుంది.

మొదలుపెట్టేటప్పుడు పై కుండలో తాళ్ల మీద రెండు పొరల పాత న్యూస్‌పేపరు, దానిమీద నాలుగు వేళ్ల మందాన ఎండాకు పరవాలి. తొక్కలు రెండంగుళాలకు మించకుండా తుంచాలి. పాత ఎరువు రెండు దోసిళ్లు గానీ, గ్లాసు పుల్లమజ్జిగ గానీ చల్లితే పని అందుకుంటుంది. ప్రతిరోజూ చివర పైన తొక్క కనపడకుండా ఆకు కప్పాలి. చిన్న ఈగలు ముసురుతున్నాయంటే ఆ పైపొర పలచబడ్డట్టే. చీమలు పడితే లోపల పొడిబారింది, నీళ్లు చిలకరించాలి. తడి చూడ్డానికి టీచరు చేతికి గ్లవుజు వేసుకుని పిడికెడు తీసి పిండాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉంది, ధార కారితే ఇంకా ఆకు కలపాలి.

బూడిదరంగులో లావుపాటి పురుగులు కనిపిస్తే పిల్లలు అరుస్తారు, కొందరు పెద్దలు ఫినాయిల్ సీసా తెస్తారు. అవి నల్లటి సోల్జర్ ఈగ పిల్లలు. కుట్టవు, తొక్కల్ని గబగబా తినేస్తాయి. ఫినాయిల్ పోస్తే కుండలో కుళ్లబెట్టే జీవులన్నీ చచ్చి, పని మళ్లీ మొదటికొస్తుంది.

లోపల 60 డిగ్రీల వేడి పుడుతుందని ఒక కార్డులో ఉంది. అది మీటరు ఎత్తు, మీటరు వెడల్పు ఉన్న కుప్పల మాట. ఇంత చిన్న కుండలో అంత వేడి నిలవదు. థర్మామీటరు పెట్టి ఎదురుచూసిన పిల్లలు తామే తప్పు చేశామనుకుంటారు, కాబట్టి ఆ కార్డు పక్కన పెట్టేయండి. ‘30 రోజుల్లో ఎరువు’ కూడా అంతే. పై కుండ రెండు వారాలకు నిండుతుంది, దాన్ని కిందికి దించి ఖాళీది పైకెక్కించాలి. ఇలా మూడు కుండలూ తిరిగాక సరుకును గోనెసంచిలో ఇంకో నెల మాగనివ్వాలి. మొత్తం రెండున్నర, మూడు నెలలు. తయారైందో లేదో మెంతులు చెబుతాయి: ఎరువు కలిపిన మట్టిలో పది గింజలు, ఉత్త మట్టిలో పది. ఎరువు మట్టిలో మొలకలు వెనకబడితే ఇంకా మాగాలి.

గుడ్డు పెట్టే రోజు పెంకుల్ని నేరుగా కుండలో వేస్తే తెల్లముక్కలు అలాగే మిగిలిపోతాయి. రెండు రోజులు ఎండలో పెట్టి రాతిమీద పొడి కొట్టి వేయాలి. ఈ పనికి మాత్రం పిల్లలు పోటీపడతారు.

జట్టుకు నలుగురు, వారానికో జట్టు పద్ధతి బాగుంది. కానీ పది రోజులకల్లా పని మొత్తం ఆయా మీదకో, వెనక బెంచీలో ఎప్పుడూ ఉండే ఆ ఇద్దరి మీదకో జారుతుంది. అలా జారితే కిట్ కొని దండగ. జట్టులో టీచరు పేరు కూడా రాయాలి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాలి, కలపడానికి కర్రే వాడాలి.

వేసవి సెలవుల సంగతి పుస్తకంలో ఒక్క ముక్క లేదు. నెలన్నర పైగా బడి మూసి ఉంటే మట్టికుండ మే ఎండకు ఎండిపోతుంది. ఏప్రిల్ మొదటి వారంలోనే తొక్కలు ఆపి, ఉన్నదంతా తడిపి సంచికెత్తి నీడలో పెడితే జూన్‌లో బడి తెరిచేసరికి గోంగూర, బెండ మడులకు అందుతుంది.

వంద మంది దాటిన బడికి ఈ కిట్ చాలదు. పెరట్లో మూడడుగుల గుంత నయం, ఖర్చూ లేదు. చిన్న బడికైతే తీసుకోవచ్చు. వలకు కట్టిన జనపతాడు మాత్రం మూడు నాలుగు నెలల్లో తెగుతుంది, విడ్డూరమే గానీ అక్కడ నైలాన్ తాడే నిలుస్తుంది. కోతులున్న ఊరైతే మూత మీద బరువైన రాయి పెట్టి, ఆర్డరులోనే ఒక మూత అదనంగా అడగండి. మొదట పగిలేది అదే.